నిదానం సరే, తలుపుల సంగతేమిటి?

ఈ వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ఇంగ్లండులో ఏదో కాలువ. గట్ల నిండా మంచు. పొడుగ్గా, సన్నగా ఒక పడవ, నెత్తిన పొగగొట్టం, బాతుల మధ్యనుంచి మెల్లగా పోతూంది. వెనక పియానో. కింద "జీవితమంటే ఇదీ! ఎందుకొచ్చిన పరుగులు?" అని వ్యాఖ్య, పక్కన దండం పెడుతున్న చేతుల బొమ్మలు. పంపినవాడు మా పినతండ్రి కొడుకు. రాజమండ్రి నుంచి విజయవాడ రెండు గంటల్లో కొట్టేశానని కారు తాళాలు తిప్పుతూ చెప్పుకునేదీ వాడే.

వేగమంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బైపాస్ రోడ్లను తిట్టాను, ఎర్ర బస్సును పొగిడాను, పాసింజరు రైలు తీసేసినప్పుడు ఇక్కడే సంతాపం రాశాను. లెక్కప్రకారం ఆ వీడియోకి మొదటి చప్పట్లు నావే కావాలి. కానీ ఒళ్లు మండింది. అలాంటి పడవ మీద, అలాంటి చలిలో, ఒక పగలంతా గడిపినవాణ్ణి నేను. అక్కడ పియానో లేదు. డీజిలు ఇంజను ఉంది. దాని మోత పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాదాల్లోంచి పళ్లదాకా ఎక్కుతూనే ఉంది.

మా మేనల్లుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. వాడితో పనిచేసి రిటైరైన ఒకావిడ, ఉన్న ఇల్లు అమ్మేసి పడవ కొనుక్కుని అందులోనే కాపురం పెట్టింది. అక్కడ సొంత రేవు లేని పడవ మామూలుగా ఒకచోట 14 రోజులకు మించి ఆగకూడదు. ఎండైనా మంచైనా లంగరెత్తాల్సిందే. డిసెంబరులో అలా గడువు ముంచుకొచ్చిన ఒక రోజున, "మావయ్యా, నువ్వెప్పుడూ రాస్తావుగా, నిదానం నిదానం అని. రా, చూద్దువుగాని" అని వాడు నన్ను తీసుకుపోయాడు. మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు, మా ఆవిడ పంపిన మఫ్లరుతో నేను సిద్ధం. వూస్టర్-బర్మింగ్‌హామ్ కాలువ మీద ఆల్వ్‌చర్చ్ నుంచి టార్డెబిగ్ దాకా వెళ్లి, అక్కడ కొన్ని లాకులు దిగడం ఆనాటి పని.

ఆ పడవను నేరోబోట్ అంటారు. వెడల్పు 7 అడుగుల లోపే. పొడవు 70 అడుగుల దాకా ఉండొచ్చు, ఆవిడది 57. ఎందుకంత సన్నం అంటే, ఆ ప్రాంతపు కాలువలను మొదట గీసిన జేమ్స్ బ్రిండ్లీ లాకులను 7 అడుగుల వెడల్పుకే కట్టించాడు. లాకు చిన్నదైతే ఖర్చు తక్కువ, నీళ్లూ తక్కువ పడతాయి. ఆయన చదువు అంతంతమాత్రం, చేతిపని మాత్రం అసాధ్యం. రెండున్నర శతాబ్దాల కింద ఆయన వేసిన ఆ కొలతలోనే ఇవాళ్టికీ అక్కడ జనం మంచాలు, పొయ్యిలు, పుస్తకాల అరలు సర్దుకుంటున్నారు.

రాత్రి పడ్డ చలికి నీళ్ల మీద పలచటి మంచుపొర కట్టింది. పడవ కదలగానే అది పగులుతూ రెండు గట్ల దాకా పెళపెళమంది. నాకు ముచ్చటేసింది. ఆవిడ మాత్రం ముఖం చిట్లించి ఇంజను తగ్గించింది. విరిగిన పలకలు పక్కన కట్టేసిన పడవల రంగు గీరేస్తాయట, మంచు మందంగా ఉంటే అసలు కదలకపోవడమే మర్యాద. గంటకు 4 మైళ్లకు మించకూడదన్నది రూలు. కట్టేసిన పడవల పక్కనైతే ఇంకా నెమ్మదిగా పోవాలి. గట్టు మీద కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన మాకు నమస్కారం పెట్టి మరీ దాటిపోయాడు.

కాసేపు చుక్కాని నా చేతికిచ్చింది. కర్రను ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. అదీ వెంటనే కాదు. 57 అడుగుల ఉక్కు మనం చెప్పింది విని, ఆలోచించి, అప్పుడు ఒప్పుకుంటుంది. ఈలోగా మనం కంగారుపడి ఇంకాస్త నెడతాం, అది ఒప్పుకోవాల్సినదానికన్నా ఎక్కువే ఒప్పుకుంటుంది, గట్టు మీది ముళ్లపొద మన ముఖంలోకి వస్తుంది. ప్రకృతిని చూసే తీరిక ఎక్కడిది? నిలబడాలి, ముందుకు చూడాలి, వంతెన కింద మలుపులో ఎవరైనా వస్తున్నారేమో చెవి వొగ్గాలి. కాళ్లదగ్గర తలుపు సందులోంచి లోపలి బొగ్గు పొయ్యి వెచ్చదనం మోకాళ్ల దాకా వస్తుంది, అక్కడితో ఆగుతుంది. దారిలో రెండు సొరంగాలు, ఒక్కోటీ అర కిలోమీటరు పైచిలుకు. ఒక్క దీపం వెలుగు, నెత్తిన టపటపా నీటి చుక్కలు. ఇంజన్లు రాని రోజుల్లో, లోపల నడిచే గట్టులేని ఇలాంటి సొరంగాల దగ్గర గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించుకుపోయేవారు. పడవలో మనుషులు వెల్లకిలా పడుకుని, గోడలను కాళ్లతో తన్నుతూ పడవను అవతలికి నడిపేవారు.

పడవ నీళ్లమీద దానంతటదే జారిపోతుందనుకునేవాళ్లు ఒక్క లాకు దించి చూడాలి. టార్డెబిగ్ దగ్గర వరసగా 30 లాకులు. రెండు మైళ్లలో 220 అడుగులు దిగుతుంది కాలువ. బ్రిటన్ మొత్తంలో అంత పొడుగు వరస మరొకటి లేదు. ఆవిడ నా చేతికి విండ్లాస్ అనే వంకర ఇనప పిడి ఇచ్చి, ఇది నీళ్లలో పడితే దాని వెనకే నువ్వూ దిగాలి అంది. లాకు ఖాళీగా ఉంటే ముందు నింపాలి. పై తలుపు తీయాలి, పడవ లోపలికి రావాలి, తలుపు వేయాలి. ఆ పిడితో పళ్లచక్రం తిప్పితే అడుగున షట్టరు లేచి నీళ్లు కిందికి పోతాయి. రెండు వైపులా నీరు సమానమయ్యేదాకా ఎంత నెట్టినా కింది తలుపులు కదలవు. ఆపైన పొడుగాటి దూలానికి నడుము ఆనించి వెనక్కి నడవడమే. పట్టు కోసం నేలలో ఇటుకలు వరసలుగా లేపి పెట్టారు. వాటి మీదా మంచే. నీళ్లు దిగుతున్నప్పుడు పడవ వెనక భాగం పై తలుపు దగ్గరి గట్టు మీద ఇరుక్కుందా, ముందు భాగం దిగిపోతూ ఉంటుంది, వెనకది దిగదు, పడవ మునుగుతుంది. అందుకే ఆవిడ చుక్కాని దగ్గర నుంచి గోడమీది తెల్లగీతను తప్ప దేన్నీ చూడలేదు. ఇంతా చేసి ఒక లాకు దిగితే, లక్ష లీటర్లకు పైగా నీళ్లు పై నుంచి కిందికి పోయినట్టు.

ఆ నీటి విలువ తెలిసినవాళ్లు కొట్టుకోకుండా ఉంటారా? మనకు కృష్ణ ఉన్నట్టే వాళ్లకూ ఒక పంచాయితీ ఉంది. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున గ్యాస్ స్ట్రీట్ బేసిన్‌లో ఈ కాలువ వెళ్లి పాత కాలువను కలవాలి. మా నీళ్లు మీ కాలువలోకి పోతాయని పాత కంపెనీ ఒప్పుకోలేదు. రెంటి మధ్యా 7 అడుగుల మందాన అడ్డుకట్ట నిలిచింది. ఇటు పడవలోని సరుకు దించి, కట్ట దాటించి, అటు పడవలోకి ఎక్కించేవారు. 1815లో గాని అక్కడ లాకు పెట్టి దారి తెరవలేదు. ఆ కట్ట ఇప్పటికీ ఉంది, దాని మీద జనం ఫొటోలు దిగుతారు.

ఇక నా చిన్నప్పటి సంగతి చెప్పకుండా ఉండలేను. మీరూ ఎదురుచూస్తూనే ఉండి ఉంటారు.

ధవళేశ్వరంలో రాదారి పడవ ఎక్కి కాకినాడ కాలువ మీద మా అమ్మమ్మగారి ఊరు వెళ్లేవాళ్లం. తాతగారి పక్కన చాప మీద కూర్చుని, చెంబుతో నీళ్లు ముంచుకుంటూ, రెండు వైపులా పోతున్న కొబ్బరిచెట్లను లెక్కపెట్టేవాణ్ణి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గెడ. అదీ సాగకపోతే మోకు. లాకుల దగ్గర ఆగితే పండగ. లస్కరు వచ్చి తలుపు తిప్పేదాకా ఎవరికీ తొందర లేదు. జంతికలవాడు వచ్చేవాడు, గట్టు మీద టీ కాగేది, పెద్దవాళ్లు ఎవరి భూమి ఎవరు కొన్నారో మాట్లాడుకునేవారు. తిరిగొచ్చేటప్పుడు పడవ లాకులో పైకి లేస్తుంటే గోడ మీది తడి గీతలు కిందికి పోవడం చూసి, దేవుడే పడవను ఎత్తుతున్నాడనుకునేవాణ్ణి. ఎత్తింది కాటన్ దొర అని తర్వాత తెలిసింది. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన ఆయన, కాలువలను పొలాలకు నీళ్లిచ్చే బోదెలుగా మాత్రమే చూడలేదు. ధాన్యం ఓడరేవు దాకా నీళ్ల మీదే పోవాలని లాకులతో సహా కట్టించాడు. ఈ దేశానికి రైళ్ల కన్నా పడవల కాలువలే చవకని ఇంగ్లండు వెళ్లాక కూడా ముసలితనం దాకా పోట్లాడాడు. పాలగుమ్మి పద్మరాజుగారి 'పడవ ప్రయాణం' కథ చదివిన ప్రతిసారీ నాకు ఆ చాప వాసనే వస్తుంది.

ఆ పడవల గురించి ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. ప్రతిసారీ చాప, కొబ్బరిచెట్లు, జంతికలు. ఆ పడవను లాగినవాళ్లు మాత్రం ఎప్పుడూ రాలేదు. మోకు భుజానికి వేసుకుని, గట్టు మీద సగానికి వంగి, ఎదురు నీళ్లకు బస్తాలూ మనుషులూ ఉన్న పడవను లాగే ఆ ఇద్దరు ముగ్గురు. తాతగారు చాప మీద నుంచి "ఒరే, కాస్త కాళ్లాడించండ్రా, పొద్దుపోతోంది" అని కేకేసేవారు. అంటే తాతగారికీ నిదానం అక్కర్లేదన్నమాట. ఆ పడవలో నిదానాన్ని ఇష్టపడినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు పని లేదు కాబట్టి ఇష్టపడ్డాను.

ఇంగ్లండు సంగతీ అంతే. 1761లో వర్స్‌లీ గనుల నుంచి మాంచెస్టరుకు బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు కాలువ తెరిస్తే, బండి మీద లాగగలిగినదానికి పదింతలకు పైగా ఒక్క గుర్రం నీళ్ల మీద లాగింది. ఊళ్లో బొగ్గు ధర సగానికి పడిందంటారు. జోసయా వెడ్జ్‌వుడ్ 1766లో ట్రెంట్-మెర్సీ కాలువకు మొదటి గడ్డపార వేసింది నిదానం కోసం కాదు, గుంతల రోడ్ల మీద తన పింగాణీ పగలకుండా తొందరగా చేరడం కోసం. ఆ రోజుల ఎక్స్‌ప్రెస్ హైవే అది. తర్వాత రైలు వచ్చి కిరాయి పడిపోతే, గట్టు మీద ఇంటికి అద్దె కట్టలేక, కూలి మనిషిని పెట్టుకోలేక, పడవవాళ్లు పెళ్లాం పిల్లలనే పడవలోకి తెచ్చుకున్నారు. వెనకవైపు 10 అడుగుల గది, అందులోనే వంట, పడక, పురుడు. పిల్లలకు బడి లేదు. వాళ్ల కోసం 1877లో చట్టం చేయాల్సొచ్చింది. కూలి ట్రిప్పు లెక్కన గనక ఒకళ్లు సైకిలు మీద ముందుగా పోయి తర్వాతి లాకు సిద్ధం చేసేవారు. ఒక లాకు దగ్గర పక్క పడవ ముందు దూరితే తగాదా. కాలువ గడ్డకడితే ఆ వారం కూలి లేదు. పడవను గుర్రాల జట్టుతో లాగిస్తూ, పైన మనుషులు వరసగా నిలబడి అటూ ఇటూ ఊపుతూ మంచు పగలగొట్టేవారంటే, ఎవడి సరదా కోసమూ కాదు. 1962-63 చలికాలంలో వారాల తరబడి కాలువలు గడ్డకట్టాయి. 1963లో ప్రభుత్వ సంస్థ తన సరుకు పడవలను చాలావరకు ఎత్తేసింది. జామ్ ఫ్యాక్టరీకి బొగ్గు మోసే ఆఖరి దూరప్రయాణం 1970లో ఆగింది. ఆ చలిలో తిండి లేకుండా పోయినవాళ్ల పడవల బొమ్మల మీదే ఇప్పుడు పియానో మోగుతోంది.

మరి ఆ కాలువలు ఎలా బతికాయి? నిదానాన్ని ప్రేమించినవాళ్లే బతికించారని చెప్పుకుంటారు, అందులో కొంత నిజముంది. టార్డెబిగ్ పై లాకు దగ్గరే 1941 నుంచి 1946 దాకా ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు 'క్రెసీ' అనే పడవలో కాపురమున్నాడు. 1944లో ఆయన పుస్తకం 'నేరో బోట్' వచ్చింది. అది చదివి రాబర్ట్ ఐక్‌మన్ అనే రచయిత ఉత్తరం రాసి, 1945లో వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి కాలువలను కాపాడ్డానికి సంఘం పెట్టారు. 1951లో ఆ సంఘమే రోల్ట్‌ను సభ్యత్వం నుంచి తీసేసింది. మన సాహితీ సంస్థల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

కానీ పుస్తకం చదివి కన్నీళ్లు పెట్టుకుంటే కాలువలో పూడిక పోదు. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ దక్షిణ భాగాన్ని 1961 నుంచి మూడేళ్లు వలంటీర్లు, సైనికులు, జైలు ఖైదీలు బురదలో దిగి తవ్వి, 1964లో తెరిపించారు. ఇప్పటికీ ఇంగ్లండు, వేల్స్‌లలో 2,000 మైళ్ల కాలువలనూ నదులనూ 2012 నుంచి ఒక ట్రస్టు చూస్తోంది. ఏటా నవంబరు నుంచి మార్చి దాకా వరసగా ఒక్కో భాగం మూసేసి, నీళ్లు తోడేసి, తలుపులు మారుస్తారు.

ఆ పడవ రోజుకు కొద్దిగా ముందు మేనల్లుడు నన్ను అలా ఎండగట్టిన ఒక లాకులోకి తీసుకెళ్లాడు. జనం చూడ్డానికని ఒక్కోసారి తెరిచి ఉంచుతారు. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని అడుగున నిలబడి పైకి చూస్తే, బావి అడుగు నుంచి చూసినట్టుంది. ఎక్కడో వందేళ్ల పైబడిన ఇటుక, పక్కన నిరుడు పెట్టిన ఇటుక. కొత్త ఓక్ తలుపు గొలుసులకు వేలాడుతోంది. ఏ రెండు లాకులూ ఒకే కొలతలో ఉండవు కాబట్టి ప్రతి తలుపూ ఆ లాకు కోసమే విడిగా చేయాలి. బ్రాడ్లీలో, వేక్‌ఫీల్డ్ దగ్గరి స్టాన్లీ ఫెర్రీలో ఆ పని చేసే వడ్రంగుల షాపులున్నాయి. చేసిన తలుపు దాదాపు పాతికేళ్లు మన్నుతుంది. అది అరిగేసరికి ఇంకోటి సిద్ధంగా ఉండాలి. రోల్ట్ పుస్తకం కన్నా, పడవల మీది రోజాపూల బొమ్మల కన్నా, ఆ వేలాడే తలుపే నాకు ఆ దేశపు కాలువ గురించి ఎక్కువ చెప్పింది. పడవ నిదానంగా పోతోందంటే, ఎవరో చలిలో ఆ తలుపు బిగించారు.

నాలుగు గంటలకే చీకటి పడింది. ఆవిడ పడవ కట్టేసి, నా విండ్లాస్ లెక్కచూసి తీసుకుని, టీ ఇచ్చింది. చలికాలంలో కష్టమేమిటని అడిగితే ఏ భావుకతా లేకుండా చెప్పింది. నల్లా గడ్డకడితే తాగడానికి నీళ్లుండవు, మరుగుదొడ్డి డబ్బా మోసుకెళ్లి పారబోయాలి, బొగ్గు పడవ ఆలస్యమైతే కట్టెలేరుకోవాలి. మరి ఎందుకు ఉంటున్నారంటే, ఇంటి అద్దె కన్నా చవక అంది.

మన వైపు ఇదంతా తిరగేసి జరుగుతుంది. వాళ్లు చలికాలంలో మూస్తారు, మనకు ఏప్రిల్ ప్రాంతంలో కాలువ కట్టేసి జూన్‌లో వదులుతారు. పూడిక తీయడానికీ, గుర్రపుడెక్క పీకడానికీ, తలుపులకు రంగేయడానికీ ఉన్నవి ఆ కొద్ది వారాలే. వాళ్ల కాలువలో నీళ్లు దాదాపు నిలవే, అది ఉత్త దారి. మనది దారీ, అన్నమూ కూడా. నిజానికి లాకులు బాగుండాల్సిన అవసరం వాళ్లకన్నా మనకే ఎక్కువ. అయినా డెల్టాలో చాలాచోట్ల లాకు తలుపులు తుప్పుపట్టి, దూలాలు విరిగి, లస్కరు గది కప్పు కూలి ఉంది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను, గోదావరి, కృష్ణలలో కొంత భాగాన్ని కలిపి 2008లో 4వ జాతీయ జలమార్గమని ప్రకటించారు. ఆ మధ్య నేనూ ఇక్కడే, రాదారి పడవలు మళ్లీ నడపండి, పర్యాటకులు వస్తారు, నిదానం నేర్చుకుంటారు అని రాశాను.

ఇప్పుడు ఆ కోరిక వెనక్కి తీసుకుంటున్నాను. పడవ వద్దు. ఇప్పుడున్న స్థితిలో పడవ తెస్తే, రంగు వేసిన ఫైబరు హంస ఒకటి వచ్చి, ప్రారంభోత్సవం అయ్యాక గుర్రపుడెక్కలో ఇరుక్కుంటుంది. నీటిపారుదల శాఖవారిని అడిగేది ఒక్కటే. ఈ వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, డెల్టాలో ఉన్న లాకులన్నిటికీ తలుపుల జాబితా వేయండి. ఏది తిరుగుతుంది, ఏది తిరగదు, ఏది అసలు లేదు. ఏడాదికి కొన్నిటి చొప్పున మార్చండి. వాటిలోంచి ఒక్క పడవ కూడా పోకపోయినా సరే. తలుపులు తిరిగే కాలువలోకి పడవ ఎప్పుడైనా వస్తుంది.

పాఠకులకూ ఒక పని. మీ ఊరి దగ్గర లాకులుంటే కాలువ ఎండినప్పుడు వెళ్లి చూసి రాయండి. కాలువ పేరు, ఊరు, తలుపులు ఏ స్థితిలో ఉన్నాయన్నది ఉత్తరంలో ఉండాలి. చిన్నప్పటి జ్ఞాపకాలు వద్దు, అవి నా దగ్గర చాలా ఉన్నాయి.